నీళ్ల ట్యాంకు బోర్డు: ఏ సాఫ్ట్‌వేర్‌లో గీయాలి? (ప్రాజెక్టు డైరీ)

పని ఏమిటంటే

చిత్తూరు కట్టమంచిలో మా ఇల్లు. కింద సంపు, మేడ మీద ట్యాంకు, మధ్యలో ఒక హెచ్‌పీ మోనోబ్లాక్ మోటారు. ట్యాంకు నిండితే మోటారు ఆగిపోవాలి. సంపులో నీళ్లు అడుగంటితే అసలు స్టార్ట్ కాకూడదు. ఈ పని చేసే సర్క్యూట్ ఇప్పటికే డాట్ బోర్డు మీద నడుస్తోంది: ఆర్డునో నానో (కోడు ఎక్కించే చిన్న కంట్రోలర్ బోర్డు), 12 వోల్టుల అడాప్టర్, దాన్ని 5 వోల్టులకి దించే ఒక 7805, రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చు), ఆ రిలేని నడిపే ట్రాన్సిస్టర్, మూడు ఎల్ఈడీలు, బజర్. ముందు నుంచి చూస్తే బాగానే ఉంటుంది. వెనక్కి తిప్పితే వైరు మీద వైరు. మోటారు పక్కన గోడకి బిగించిన డబ్బాలో ఆ అదురుకి ఎప్పుడు ఏ టాకా (సోల్డర్ అతుకు) ఊడుతుందో తెలియదు.

డిప్లొమా ఈసీఈ చదువుతున్న మా మేనల్లుడు సెలవులకి వచ్చాడు. డబ్బా మూత తీసి చూసి, "మామా, దీన్ని ఇట్లనే వదిలేస్తే ఎట్లా? పీసీబీ చేయిద్దాం. వీధిలో ఇంకో ఇద్దరు కూడా అడుగుతా ఉండారు కదా" అన్నాడు. సరే అన్నాను. పీసీబీ అంటే వైర్ల బదులు రాగి గీతలు (ట్రాకులు) ఉండే బోర్డు. బోర్డు గీసేది వాడే, పక్కన కూర్చునేది నేను. పీసీబీ సాఫ్ట్‌వేర్ వాడూ ఇంతవరకూ పట్టుకోలేదు. కాబట్టి మొదటి పని, కొత్తవాళ్లకి ఏది సరిపోతుందో తేల్చుకోవడం.

ఒక షరతు పెట్టుకున్నాం. ఇదే సర్క్యూట్‌ని ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ గీయాలి. గీయడంతో ఆపకూడదు, గెర్బర్ ఫైళ్లు బయటికి వచ్చేదాకా వెళ్లాలి. బోర్డు తయారు చేసే కంపెనీకి మనం ఎందులో గీశామన్నది అనవసరం. వాళ్లకి కావలసింది పై రాగి పొర, కింది రాగి పొర, సోల్డర్ మాస్క్ (రాగిని కప్పే పూత), సిల్క్ అక్షరాలు (బోర్డు మీద అచ్చయ్యే పేర్లు), బోర్డు అంచు, వీటిలో ఒక్కోదానికి ఒక్కో గెర్బర్ ఫైలు, వాటితో పాటు రంధ్రాలకి డ్రిల్ ఫైలు. అక్కడిదాకా నడిపి చూస్తే గానీ ఏ సాఫ్ట్‌వేర్ సంగతీ తెలియదు.

పక్కన పెట్టినవి

ఈగల్ అనే పీసీబీ సాఫ్ట్‌వేర్ గురించి పాత వీడియోలు, పాత ట్యుటోరియళ్లు లెక్కలేనన్ని ఉన్నాయి. ఒకప్పుడు హాబీ చేసేవాళ్లందరూ దాంట్లోనే నేర్చుకున్నారు. 1988లో జర్మనీలో పుట్టింది, 2016లో ఆటోడెస్క్ చేతికి వచ్చింది. 2026 జూన్ 7తో దాన్ని ఆపేస్తామని ఆటోడెస్క్ 2023లోనే ప్రకటించింది. దాని స్థానంలో ఫ్యూజన్ ఉంది. ఫ్యూజన్ ఉచిత లైసెన్సులో రెండు పొరలు, 80 చదరపు సెంటీమీటర్ల బోర్డు అనే హద్దు ఉంటుంది. మా బోర్డు 80 బై 60 మిల్లీమీటర్లే, అంటే 48 చదరపు సెంటీమీటర్లు. సరిపోతుంది. కానీ నేర్చుకునేవాడికి మొదటి రోజే గోడ కట్టడం నాకు నచ్చలేదు. ఇప్పుడు కొత్తగా ఈగల్ మొదలుపెట్టమని మాత్రం ఎవరికీ చెప్పను.

కాలేజీలో వీడికి ప్రొటియస్ అనే సాఫ్ట్‌వేర్ చూపించారు. సిమ్యులేషన్‌కి బాగుంటుంది. ఫ్రెండ్స్ దగ్గర క్రాక్ కాపీ ఉందన్నాడు. వద్దన్నాను. ఆ క్రాకుల్లో ఏ వైరస్ వస్తుందో చెప్పలేం. అదొక్కటే కాదు, రేపు వీడు ఈ బోర్డు నాలుగిళ్లకి చేసి అమ్మితే, దాని మొదలే దొంగ కాపీ అవుతుంది. ఉచితంగా దొరికే మంచి సాఫ్ట్‌వేర్లు ఇన్ని ఉండగా ఆ అవసరమేం లేదు.

ఫ్రిట్జింగ్

తెరవగానే బ్రెడ్‌బోర్డు బొమ్మ కనిపిస్తుంది. నానో బొమ్మ, ఎల్ఈడీ బొమ్మ తెచ్చి పెట్టి వైర్లు లాగడమే. జర్మనీలో పోట్స్‌డామ్ అప్లైడ్ సైన్సెస్ యూనివర్సిటీలో పుట్టిన ప్రాజెక్టు, కోడ్ ఓపెన్ సోర్సే. రెడీమేడ్ డౌన్‌లోడుకి మాత్రం కొద్దిగా డబ్బు అడుగుతారు. ఎనిమిదో తరగతి పిల్లలకి సర్క్యూట్ అంటే ఏమిటో చూపించాలంటే దీన్ని మించింది లేదు.

పీసీబీ వ్యూలోకి వెళ్లేసరికి కథ మారింది. దారులు తనే వెతికే ఆటోరౌటర్ నొక్కితే ట్రాకులు బోర్డంతా చుట్టి వచ్చాయి, కొన్ని అసలు కలవనే లేదు. చేత్తో సరిదిద్దుకోవచ్చు. అయితే మా బోర్డు మీద ఒక పక్క 5 వోల్టులు, ఇంకో పక్క 230 వోల్టులు ఉంటాయి. ఒక్కో వైపుకి ఒక్కో దూరం పెట్టే వీలు ఇందులో లేదు, బోర్డు మొత్తానికి ఒకటే గ్యాప్. దాంతో దీన్ని మూసేశాం.

ఈజీఈడీఏ

ఇది బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. ఇన్‌స్టాల్ గొడవ లేదు, ఒక ఖాతా తెరిస్తే చాలు. పార్టు పేరు కొడితే చైనాలోని ఎల్‌సీఎస్‌సీ దుకాణం స్టాకుతో సహా చూపిస్తుంది. సింబల్ (సర్క్యూట్ బొమ్మలో గుర్తు), ఫుట్‌ప్రింట్ (బోర్డు మీద కాళ్లు కూర్చునే ప్యాడ్ల అమరిక), త్రీడీ బొమ్మ మూడూ కలిసే వస్తాయి. మా పాత ల్యాప్‌టాప్ మీద కూడా సాఫీగా నడిచింది. మేనల్లుడు మధ్యాహ్నం అన్నం తిని కూర్చుని, సాయంత్రం టీ వేళకి స్కీమాటిక్ (సర్క్యూట్ బొమ్మ) ముగించాడు. బోర్డు పూర్తయితే పక్కనే బోర్డులు చేసే జేఎల్‌సీపీసీబీ కంపెనీకి ఆర్డర్ పెట్టే బటన్. గెర్బర్ ఫైళ్లు విడిగా దింపుకుని వేరే కంపెనీకి పంపుకునే వీలు కూడా ఉంది. ఆ విషయంలో కట్టిపడేయరు.

త్వరగా ఒక బోర్డు చేతికి రావాలి, మళ్లీ ఈ జోలికి వెళ్లను అనేవాళ్లకి ఇదే చెప్తాను.

మాకు రెండు చోట్ల తట్టుకుంది. ఒకటి, వెతికితే ఒకే పార్టుకి చాలా ఫుట్‌ప్రింట్లు కనిపిస్తాయి. దుకాణం వాళ్లు గీసినవి కొన్ని, వాడేవాళ్లు గీసి పెట్టినవి కొన్ని. రెండో రకంలో కొలత ఎవరు సరిచూశారో తెలియదు. ఏది నమ్మాలో తెలిసేంత అనుభవం ఉంటే వాడు కొత్తవాడే కాదు కదా. రెండు, స్టాండర్డ్ ఎడిషన్‌లో ఫైళ్లు మామూలుగా వాళ్ల సర్వర్‌లోనే ఉంటాయి. గాలివానకి కరెంటు పోయి నెట్ ఆగిన సాయంత్రం మా పనీ ఆగింది. ప్రో ఎడిషన్‌కి కంప్యూటర్‌లో పెట్టుకుని ఆఫ్‌లైన్‌గా వాడే పద్ధతి ఉంది. అయినా అప్పటికే కీక్యాడ్ అనే ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ పెట్టేశాం. ఇక్కడ గీసింది వృథా పోలేదు. కీక్యాడ్ 8 నుంచి ఈజీఈడీఏ ప్రాజెక్టుల్ని నేరుగా తెరవగలదు. ముందు దీంట్లో చెయ్యి తిప్పుకుని తర్వాత అటు వెళ్లాలనుకునేవాళ్లు భయపడక్కర్లేదు.

కీక్యాడ్, మొదటి వారం

విండోస్ ఇన్‌స్టాలర్ ఒక జీబీ పైనే ఉంది. ఆ సైజులో పెద్ద భాగం లైబ్రరీలదే. అన్నీ కంప్యూటర్‌లోకే దిగుతాయి కాబట్టి ఆ తర్వాత నెట్‌తో పనిలేదు. 1992లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో జ్యాఁ-పియెర్ షరాస్ మొదలుపెట్టారు. 2013 నుంచి సెర్న్ కూడా చెయ్యి కలిపింది. అణువుకన్నా చిన్న కణాల్ని ఢీకొట్టించి చూసే ఆ ప్రయోగశాల బాగుచేసిన పనిముట్టే చిత్తూరులో నీళ్ల ట్యాంకు కోసం మా చేతికి పైసా ఖర్చు లేకుండా వచ్చింది. ఆ మాట మా వాడికి చెప్పినప్పుడు కాసేపు నమ్మలేదు. మన దేశంలో ఐఐటీ బాంబే ఫోసీ బృందం చేసిన ఈసిమ్ అనే సర్క్యూట్ సాఫ్ట్‌వేర్ కూడా స్కీమాటిక్ గీయడానికి కీక్యాడ్‌నే వాడుకుంటుంది. పొరల మీద, బోర్డు సైజు మీద మాకు అడ్డొచ్చే హద్దే లేదు.

మొదటి రెండు రోజులు వాడికి చిరాకు. "మామా, ఇందులో ఒకటి కాదు, సింబల్ వేరే, ఫుట్‌ప్రింట్ వేరే. రెండూ మనమే ముడి పెట్టాలంట" అన్నాడు. నిజమే. కీక్యాడ్‌లో రెసిస్టర్ అంటే ముందు గీత మాత్రమే. అది పావు వాట్‌దా, పడుకోబెట్టాలా, నిలబెట్టాలా అనేది మనం తర్వాత చెప్పాలి. ఇదే దాని కష్టం, మేలు కూడా ఇక్కడే ఉంది. చేతిలో ఉన్న పార్టుని తిప్పి చూసి, కొలిచి, ఇదీ అని చెప్పకుండా ముందుకు పోలేం.

ట్రాన్సిస్టర్ దగ్గర ఆ సంగతి బాగా తెలిసింది. బీసీ547 చదునైన ముఖం మన వైపు, కాళ్లు కిందికి పెట్టి చూస్తే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. కీక్యాడ్‌లో బీసీ547 సింబల్‌కి 1, 2, 3 అంకెలు అదే వరుసలో ఉంటాయి, టీఓ-92 (దాని ప్లాస్టిక్ ఆకారం పేరు) ఫుట్‌ప్రింట్ ప్యాడ్లకీ అవే అంకెలు. రెండూ అంకెతోనే కలుస్తాయి. డబ్బాలో 2222 రకం ప్లాస్టిక్ ట్రాన్సిస్టర్లు చాలా ఉన్నాయి, అవి వాడదామన్నాడు. వాటిలో పీఎన్2222 వరుస ఎమిటర్ నుంచి మొదలవుతుంది, పీ2ఎన్2222 అయితే కలెక్టర్ నుంచి. పేరులో ఒక్క అంకె తేడాకి కాళ్లు తిరగబడతాయి. డేటాషీట్ తెరిచి ఇద్దరం పక్కపక్కన పెట్టి చూశాం, బీసీ547తోనే ఉండిపోయాం. ఫుట్‌ప్రింట్‌లో కూడా మామూలు టీఓ-92కి ప్యాడ్ల మధ్య 1.27 మిల్లీమీటర్లే. చేత్తో టాకా వేసేవాళ్లకి అది చాలా ఇరుకు. వైడ్ అని రాసి ఉన్నది తీసుకుంటే 2.54 వస్తుంది, కాళ్లు కొంచెం విప్పి దూర్చాలి అంతే.

తర్వాత ఈఆర్‌సీ నడిపాం. స్కీమాటిక్‌లో తప్పులు వెతికే తనిఖీ అది. రెండు ఎర్ర బాణాలు వచ్చాయి, పవర్ ఇన్‌పుట్ పిన్‌కి పవర్ ఎక్కడినుంచీ రావడం లేదని. వాడికి టెన్షన్. వైర్లన్నీ సరిగ్గానే ఉన్నాయి, అడాప్టర్ కనెక్టర్ నుంచి 7805కి లైను కనిపిస్తూనే ఉంది. విషయం ఏమిటంటే, కనెక్టర్ అంటే సాఫ్ట్‌వేర్‌కి రెండు రాగి పిన్నులే. దాని వెనక అడాప్టర్ ఉందని దానికి తెలియదు. 7805 అవుట్‌పుట్ నుంచి 5 వోల్టులు వస్తాయని మాత్రం తెలుసు, అందుకే ఆ లైను మీద ఏమీ అనలేదు. పవర్ ఫ్లాగ్ అనే గుర్తు ఒకటి 12 వోల్టుల లైనుకి, ఒకటి గ్రౌండ్‌కి తగిలిస్తే ఎరుపు పోతుంది. కీక్యాడ్ మొదలుపెట్టిన ప్రతి ఒక్కరూ ఇక్కడ ఆగుతారు, చాలామంది ఇక్కడే వదిలేస్తారు కూడా. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. ఆ ఎరుపుని చూసి సాఫ్ట్‌వేర్ మూసేయకండి.

ఎఫ్8 నొక్కితే స్కీమాటిక్‌లో ఉన్నవన్నీ బోర్డు కిటికీలోకి దిగుతాయి. అక్కడ అంచు గీసి, పార్టులు సర్ది, ఎక్స్ నొక్కి ట్రాకులు లాగడం. ఇది వాడికి చాలా ఇష్టమైంది. రాత్రి పదకొండు దాటినా లేవలేదు.

రిలే దగ్గర ఆగిపోయాం

మాకు సాఫ్ట్‌వేర్ ఏదో తేల్చింది ఈ భాగమే.

మోటారు కరెంటు ఈ బోర్డు మీదుగా పోదు. ఒక హెచ్‌పీ మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు నడిచే కరెంటుకి ఎన్నో రెట్లు లాగుతుంది. ఆ బరువు కాంటాక్టర్ అనే పెద్ద స్విచ్చు మోస్తుంది. మా రిలే ఆ కాంటాక్టర్ కాయిల్‌ని మాత్రమే వేస్తుంది, తీస్తుంది. అయినా కాయిల్ కూడా 230 వోల్టులే. ఇంకో పక్క మా నానో నుంచి వైర్లు నేరుగా సంపు నీళ్లలోకి, ట్యాంకు నీళ్లలోకి దిగుతాయి. ఆ నీళ్లని ఇంట్లోవాళ్లు ముట్టుకుంటారు. ఈ రెండు వైపుల మధ్య దూరం విషయంలో రాజీ పడేది లేదు. బోర్డు మీద మెయిన్స్‌కీ మిగతా అన్నిటికీ మధ్య 6 మిల్లీమీటర్లకి తగ్గకూడదని నిర్ణయించుకున్నాం.

కీక్యాడ్‌లో 230 వోల్టుల నెట్లని (నెట్ అంటే ఒకదానితో ఒకటి కలిసే పిన్నుల లైను) ఒక క్లాసులో పెట్టి, ఆ క్లాసుకీ వేరే క్లాసుకీ మధ్య కనీసం 6 మిల్లీమీటర్లు అని కస్టమ్ రూల్ రాశాం. చిన్న రూలే. మెయిన్స్‌లో ఒక నెట్‌కీ ఇంకో నెట్‌కీ మధ్య ఇంత అక్కర్లేదు కాబట్టి, వేరే క్లాసు అయితేనే అన్న షరతు అందులో ఉండాలి. తర్వాత డీఆర్‌సీ నడిపాం, బోర్డు మీద రూల్స్ ఎక్కడ తప్పాయో వెతికే తనిఖీ అది. ట్రాకుల మీద ఒక్క మాట లేదు. రిలే పార్టు మీదే ఎరుపు!

అది అందరూ వాడే నీలం రంగు రిలే, ఎస్ఆర్‌డీ రకం, ఐదు పిన్నులది. దుకాణంలో రిలే అంటే చేతిలో పెట్టేది ఇదే. తిప్పి చూడండి. ఒక చివర మూడు పిన్నులు ఉంటాయి. నడిమిది కాంటాక్ట్ కామన్, దానికి అటూ ఇటూ ఉన్నవి రెండూ కాయిల్ పిన్నులు. అంటే 230 వోల్టుల పిన్ను 12 వోల్టుల పిన్నుల మధ్యలో కూర్చుంది. పిన్ను మధ్య నుంచి పిన్ను మధ్యకి 6 మిల్లీమీటర్లు దాటుతుంది గానీ, చుట్టూ ఉన్న రాగి ప్యాడ్ల వెడల్పు పోతే మిగిలేది మూడున్నర చిల్లర. మనం ట్రాకులు ఎంత దూరంగా లాగినా ఈ చోట దూరం పెరగదు. బోర్డులో అక్కడ సన్నని గాడి కోయించే పద్ధతి ఉంది, చాలామంది అలా చేస్తారు. మేం రిలేనే మార్చాం. కాయిల్ పిన్నులు ఒక చివర, కాంటాక్ట్ పిన్నులు ఇంకో చివర ఉండే ఫైండర్ 40.51 తీసుకున్నాం. దాని ఫుట్‌ప్రింట్ కీక్యాడ్ లైబ్రరీలోనే ఉంది. 12 వోల్టుల కాయిల్ 220 ఓములు, అంటే దాదాపు 55 మిల్లీఆంపులు. బీసీ547 పరిమితి 100, కాబట్టి మోస్తుంది. బేస్‌కి ఒక కిలో ఓము, కాయిల్‌కి అడ్డంగా 1ఎన్4007 డయోడ్.

రిలే ధర పెరిగింది. పెరగనీ. డీఆర్‌సీ మళ్లీ నడిపితే ఒక్క ఎరుపూ లేదు.

ఈజీఈడీఏలో కూడా రూల్స్ ఉన్నాయి, అక్కడా ఈ దూరం పట్టుకోవచ్చు. కానీ కొత్తవాళ్లకి సులువు అంటే బటన్లు తక్కువ ఉండటం అని నేను అనుకోను. నాకు భయం ఉన్న చోటు ఇది అని చెప్పగలగాలి, చెప్పినదాన్ని అది ప్రతిసారీ గుర్తు పెట్టుకుని చూడాలి. అలాంటి సాఫ్ట్‌వేర్ దగ్గర మొదలుపెట్టినవాడికి మంచి అలవాట్లు పడతాయి. రేపు రేణిగుంట వైపో శ్రీసిటీ వైపో ఏదైనా ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో వీడికి ఉద్యోగం వస్తే అక్కడ ఆల్టియం ఉండొచ్చు, కేడెన్స్ ఉండొచ్చు. స్కీమాటిక్, ఫుట్‌ప్రింట్, రూల్స్, గెర్బర్ అనే వరుస మాత్రం మారదు.

జిరాక్స్ షాపులో

ఆర్డర్ పెట్టే ముందు కాగితం మీద ఒకటికి ఒకటి సైజులో ప్రింట్ తీసి పార్టులు పెట్టి చూడాలి. ఏ సాఫ్ట్‌వేర్ వాడినా ఈ పని మానకూడదు. పీడీఎఫ్ చేసి గాంధీ రోడ్డులో జిరాక్స్ తీయించాం. షాపులో ప్రింటర్ సెట్టింగ్ మామూలుగా "ఫిట్ టు పేజ్" అని ఉంటుంది, ముందే "యాక్చువల్ సైజు" అని చెప్పి పెట్టించాలి. బోర్డు పక్కన సరిగ్గా 50 మిల్లీమీటర్ల గీత ఒకటి గీసి ఉంచాం. కాగితం చేతికి రాగానే దాని మీద స్కేలు పెట్టాం, 50కి 50.

ఇంటికొచ్చి కాగితాన్ని థర్మాకోల్ ముక్క మీద పెట్టి పార్టుల కాళ్లు గుచ్చాం. నానో రెండు వరుసల మధ్య 15.24 మిల్లీమీటర్లు, చక్కగా కూర్చుంది. 7805, రిలే సరిపోయాయి. స్క్రూ టెర్మినల్ దగ్గర మాత్రం తేడా. లైబ్రరీలో ఎంచుకున్నది 5 మిల్లీమీటర్ల పిచ్ (పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం), మా చేతిలో ఉన్నది 5.08. రెండు పిన్నులదైతే తేడా తెలియదు, ఎలాగోలా దూరుతుంది. ప్రోబ్‌లకి (నీళ్లలోకి దిగే కొలత తీగలకి) పెట్టింది ఆరు పిన్నులది, చివరికి వచ్చేసరికి 0.4 మిల్లీమీటర్లు జరుగుతుంది. ఫుట్‌ప్రింట్ మార్చి, ట్రాకులు కొంచెం సర్ది, మళ్లీ ప్రింట్.

"ఇది స్క్రీన్ మీద ఎంతసేపు చూసినా తెలిసేది కాదు మామా" అన్నాడు. అవును.

ఇంట్లో ఎచ్ చేద్దామా?

వాడికి అక్కర్లేని రాగిని ఫెర్రిక్ క్లోరైడ్‌తో కరిగించి (అదే ఎచ్ చేయడం) బోర్డు ఇంట్లోనే చేయాలని సరదా. రెండు వైపుల బోర్డు ఇంట్లో సరిగ్గా కలపడం కష్టం, పైగా మెయిన్స్ ఉన్న బోర్డుకి సోల్డర్ మాస్క్ లేకుండా వద్దన్నాను. ఎల్ఈడీల చిన్న బోర్డు ఒకటి విడిగా ఉంది, దాన్ని చేయమన్నాను. ట్రాకులు 1 మిల్లీమీటర్ పెట్టుకున్నాడు. ఇస్త్రీ పెట్టెతో టోనర్ దించే పద్ధతిలో కింది పొరని అద్దంలోలా తిప్పి ప్రింట్ తీయకూడదు. కీక్యాడ్ కింది పొరని పైనుంచి చూసినట్టే చూపిస్తుంది, కాగితం బోర్లించినప్పుడు అదే తిరుగుతుంది. గుర్తుకి కింది పొరలో రెండక్షరాలు రాసుకుంటే మంచిది. కాగితం మీద అవి తిరగబడి కనిపిస్తే, రాగి మీద సరిగ్గా వస్తాయి. వాడేసిన ద్రావణం మూత గట్టిగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో ఉంది. అది మోరీలో పోసేది కాదు, సంపు దగ్గరికి తెచ్చేది అసలే కాదు.

ఆర్డర్

గెర్బర్, డ్రిల్ ఫైళ్లు తీసి, కీక్యాడ్‌తో పాటే వచ్చే గెర్బర్ వ్యూయర్‌లో ఒక్కో పొరా తెరిచి చూశాం. రంధ్రాలు ప్యాడ్ల నడుమే ఉన్నాయి, అంచు గీత పూర్తిగా మూసుకుంది. ఎఫ్ఆర్4 (ఫైబర్‌గ్లాస్ పలక), మందం 1.6 మిల్లీమీటర్లు, రాగి 35 మైక్రాన్లు. చైనా నుంచి తెప్పిస్తే బోర్డు చవకే గానీ షిప్పింగ్, కస్టమ్స్ కలుపుకుని చూడాలి. మన దేశంలో గాంధీనగర్‌లోని పీసీబీ పవర్, బెంగళూరులోని లయన్ సర్క్యూట్స్ లాంటివి ఇవే ఫైళ్లు తీసుకుంటాయి. ఈసారి మన దేశంలోనే పెట్టాం.

బోర్డులు వచ్చాక చేయాల్సిన వరుస నోట్‌బుక్‌లో రాయించాను. ముందు 7805, దాని కెపాసిటర్లు మాత్రమే టాకా వేయాలి. నానో పెట్టకుండా 12 వోల్టులు ఇచ్చి 5 వోల్టులు వస్తున్నాయో లేదో మీటరుతో చూడాలి. తర్వాత ట్రాన్సిస్టర్, రిలే పెట్టి, 5 వోల్టుల లైను నుంచి ఒక వైరుని బేస్ రెసిస్టర్‌కి ముట్టించి రిలే టక్‌మనడం వినాలి. నానో ఆ తర్వాతే. ప్రోబ్‌లకి స్టెయిన్‌లెస్ స్టీలు. వాటికి ఎప్పుడూ కరెంటు ఉంచకుండా కొలిచే క్షణంలోనే పిన్ను హై చేసేలా కోడు మార్చాలి, లేకపోతే నీళ్లలో కొన్నాళ్లకే తినేస్తుంది. 230 వోల్టుల వైర్లు అన్నిటికన్నా చివర, ఎంసీబీ దించి, నేను పక్కన ఉన్నప్పుడే.